పక్క అద్దం

ఆ రోజు నేను రోలర్‌తో వేసి ఉంటే ఈ కథే లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఓడలకు రంగు వేస్తున్నవాణ్ణి, గాలి సంగతి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. అదే నా కొంప ముంచింది.

మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఓడల యార్డులో స్ప్రే గన్‌తో రంగు కొట్టే ముందురోజు సాయంత్రం క్రేనుకు పసుపు గుడ్డ కడతారు. అది చూసి జనం రేవు గట్టున ఉన్న కార్లన్నీ కొండమీది వీధుల్లోకి తీసుకెళ్ళి పెట్టుకుంటారు. గుడ్డ కట్టాలా వద్దా అన్నది మేనేజరు చెప్పడు, రంగు వేసేవాడే చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా ఆ మాట నాది. నేను కట్టమన్నానంటే ఫాదర్ గారు కూడా మారుమాట్లాడకుండా తాళంచెవి పట్టుకుని బయటికి వచ్చేవారు.

జూన్ పదమూడు అంతోనివారి పండగ. మర్నాడే ఓడ నీళ్ళలోకి దిగాలి. ఓడ కింద దన్నుగా పెట్టిన దుంగల్ని పక్కకు జరిపితే, అవి ఉన్నచోట రంగు పడని మచ్చలు పది పన్నెండు మిగిలాయి. ఒక్కొక్కటీ తలుపంత ఉంటుంది. రోలర్‌తో అయితే రెండు గంటల పని, గన్‌తో అరగంట. పదింటికి ఊరేగింపు, ఆ తర్వాత తోంకా వదిన చేతి గొర్రెమాంసం. సముద్రపు గాలి పదకొండు దాటితేగాని లేవదు, అది మా దగ్గర గడియారంకన్నా నమ్మకం. పండగపూట పసుపు గుడ్డ కడితే కొండమీది పల్లెలనుంచి వచ్చేవాళ్ళు కార్లెక్కడ పెట్టుకుంటారు పాపం, అని ఊరి మీద దయ కూడా చూపించాను.

ఆ రోజు గాలి తొమ్మిదికే లేచింది. నేను ఓడ నీడలో, దాని పొట్ట కింద వంగి ఉన్నాను. నాకు ఒక్క వెంట్రుక కదల్లేదు. గన్ కడిగేసి బయటికి వచ్చి చూద్దునుకదా, గట్టు పొడుగునా నలభై ఒక్క కార్లు. పెంకు పొడి చల్లినట్టు అన్నిటిమీదా ఎర్రటి నలుసులు. వాటి మధ్యలో మా ఇంటి పాత కారు, జస్తావా. దాన్ని పొద్దున నేనే తీసుకొచ్చి అక్కడ పెట్టాను, వదినను చర్చి దగ్గర దింపి.

అంతోనివారి విగ్రహాన్ని మోసుకుంటూ జనం గట్టు మీదికి వచ్చారు. ముందు ఎవరో ఒకతను తన కారు మీద చెయ్యి రాసి చూసుకున్నాడు. తర్వాత ఇంకొకతను. బ్యాండులో బాకా ఊదేవాడిది మూడో కారు, అతని బాకా ఆగిపోయింది. ఆ తర్వాత డోలు. చివరికి విగ్రహం మోసే నలుగురూ, ఫాదర్ గారూ తప్ప ఊరేగింపులో ఎవరూ మిగల్లేదు. అందరూ కార్ల దగ్గర నిలబడి నావైపు చూశారు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

యార్డువాళ్ళు సెప్టెంబరు దాకా ఇంట్లో కూర్చోమన్నారు. రేకు మీద పడ్డ రంగు సంగతి బీమావాళ్ళు చూసుకుంటామన్నారు. అద్దాల సంగతి నేను చూస్తానన్నాను. నన్నెవరూ అడగలేదు. అయినా ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను?

మా ఇల్లు రెండంతస్తులు. కింద నేను, పైన మా అన్న ఫ్రానె, తోంకా వదిన. వాళ్ళకు పిల్లల్లేరు, నేను పెళ్ళే చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే ఓడలమీదికి తోసేసేవాణ్ణి. మధ్యాహ్నం భోజనం ఎప్పుడూ పైనే. అంతకుముందు నవంబరులో ఫ్రానె చనిపోయాక కూడా అలాగే వెళ్తుంటే ఊళ్ళో నాలుగు నోళ్ళు ఆడాయి. అప్పటినుంచి నేను తింటున్నంతసేపూ వదిన మెట్లవైపు తలుపు బార్లా తెరిచి పెట్టేది. చూసేవాళ్ళు చూసుకోండని. జనవరిలో ఉత్తరపు గాలి ఈలలు వేసుకుంటూ ఇంట్లోకి వచ్చి బల్లమీది గుడ్డను లేపుతుంటే, ఇద్దరం కోట్లు వేసుకుని సూపు తాగేవాళ్ళం.

మొదటి కారు బేపో బార్బాది. బార్బా అంటే మా దగ్గర సముద్రం మీద తిరిగొచ్చిన పెద్దాయన. మా పేకాట బల్లకు ఆయనే పెద్ద, నాలుగో చెయ్యి నాది. పండగ తర్వాత ఆ బల్లదగ్గర నా కుర్చీలో ఎవరో బస్సు డ్రైవరు కూర్చున్నాడు. నేను కాఫీ తీసుకుని నిలబడితే ముగ్గురూ ముక్కల్లోకి తలలు దూర్చేశారు. ఇక లాభం లేదని తాళంచెవి అడిగాను. బార్బా మాట్లాడకుండా బల్లమీదికి విసిరాడు.

ముందద్దం మీద నలుసులు బ్లేడుకు ఇట్టే వచ్చేశాయి. సబ్బునీళ్ళు పారించడం, కొత్త బ్లేడు వాల్చి పట్టుకోవడం, ఒకే వైపుకి తోయడం, ఎత్తి తుడిచి మళ్ళీ మొదలుపెట్టడం. అద్దం పొడిగా ఉండకూడదు, బ్లేడు వెనక్కి రాకూడదు. ఓడ కిటికీలు ఎన్నో అలా చేసినవాణ్ణే. గంటలో ముందద్దం మెరిసిపోయింది. ఆ ఊపులో డ్రైవరు పక్క అద్దం మీద బ్లేడు పెట్టాను. సన్నగా కిర్రుమంది. తుడిచి చూస్తే వెంట్రుకలాంటి గీతలు నాలుగు, బ్లేడు వెళ్ళినంత పొడుగునా. గాజు మీద గీత పడితే పడినట్టే. రంగుకైతే ఇంకో పూత వేస్తాం, గాజుకు ఏం వేస్తాం?

"ఇదేంట్రా?" అన్నాడు బేపో బార్బా.

"గీత, బార్బా."

"గీతని నాకూ తెలుసు. ఎవరు గీసింది?"

"నేనే."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. నువ్వు అడుసు తొక్కి, మా కాళ్ళు కడుగుతానని వచ్చి, ఇప్పుడు కాళ్ళే విరగ్గొట్టావ్ కదరా!"

పండగ తర్వాత ఊళ్ళో ఒక మనిషి నాతో అన్న మొదటి మాట అదే. తలొంచుకుని విన్నాను గాని, లోపల ఎక్కడో ప్రాణం కుదుటపడింది.

ఆ మధ్యాహ్నమే, పడవ దాటితే వచ్చే రియెకా పట్నంలో అద్దాలు కోసే ఒక ముసలాయనకు ఫోన్ చేశాను. మా ఓడలకు కిటికీలు ఆయనే పంపేవాడు. విషయం వినగానే పగలబడి నవ్వాడు.

"ముప్ఫై ఏళ్ళు రంగు కొట్టావు, గాజు తెలీదా నాయనా? ముందద్దం వేరు, పక్క అద్దం వేరు. పక్క అద్దాన్ని కొలిమిలో కాలుస్తారు. కాల్చేటప్పుడు గాజు పొడి దాని ఒంటికి అతుక్కుపోతుంది. కంటికి కనపడదు. నీ బ్లేడు ఆ రవ్వను ఊడబెరుక్కుని ముందుకు ఈడ్చుకుపోతుంది. గీసేది బ్లేడు కాదు, ఆ రవ్వ."

"మరెలా?"

"ఓపికతో. బ్లేడు దాని దగ్గరికి తీసుకుపోకు. కార్లకు రాసే మెత్తని బంకమన్ను ఉంటుంది, సబ్బునీళ్ళతో దాంతో రాయి. మొండి చుక్క ఉంటే దూదికి థిన్నర్ తడిపి దానిమీద పెట్టి లెక్కపెట్టుకో. రబ్బరుకు తగలనివ్వకు. తొందరుంటే ఆ పని ఎత్తుకోకు."

తొందర నాకేముంది? ఆ వేసవిలో ఊరంతటికీ తొందరలేని మనిషిని నేనొక్కణ్ణే. ద్రాక్ష పందిరి కింద నీడలో ఒక్కో కారు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. బంకమన్ను ముద్ద చేసి రాయడం, మురికైతే మడిచి కొత్త మొహం పైకి తిప్పడం, పొరపాటున నేలమీద పడితే పారేయడం. అది ఇసుకను మోసుకొస్తుంది కదా. ఆఖరున సిగరెట్ పెట్టె మీది పల్చటి కాగితం వేలికి చుట్టి అద్దం మీద రాసి చూసేవాణ్ణి. ఉత్త వేలికి తెలియని గరుకు ఆ కాగితంలోంచి తెలిసిపోతుంది. కారుకు ఒక రోజంతా పట్టేది. కారు యజమానులు వచ్చి, అద్దాలు చూసుకుని, తలూపి తీసుకెళ్ళేవాళ్ళు. కొందరు తల కూడా ఊపేవాళ్ళు కాదు. రోజంతా నేను విన్న మనిషి గొంతు ఒకటే, పైనుంచి వదిన "యెర్కో, అన్నం!" అని కేకేయడం.

జూలైలో ఒకరోజు సార్డీన్లు వేయించింది. పక్కన ఉడకబెట్టిన ఆకుకూర, బంగాళాదుంప. తలుపు మామూలుగానే బార్లా తెరిచి ఉంది. నేను మూడో చేప మీద ఉన్నాను.

"మా అక్క రమ్మంటోంది," అంది.

"ఏ అక్క?"

"నాకెంతమంది ఉన్నారు? రియెకా అక్క."

"వెళ్ళిరా. ఎన్నాళ్ళుంటావ్?"

"ఎన్నాళ్ళేంటి యెర్కో. ఉండిపోడానికే."

చేప నోట్లో ఉంది. నీళ్ళు తాగి మింగాను.

"పోయిన చలికాలం తలుపు తెరిచిపెట్టి నీకు సూపు పోశాను. సూపు కంటే ముందు నేను చల్లారిపోయేదాన్ని. ఇంకో చలికాలం అలా నా వల్ల కాదు."

"మూసేస్తే సరి."

"మూసేస్తే ఊరేమంటుంది?"

"ఏమంటుంది?"

"నువ్వు చెప్పు, ఏమంటుందో." గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నా ఎదురుగా కూర్చుంది. "ఏమనాలో నువ్వే చెప్పు, వింటాను."

ఆ మాటకు అర్థం తెలియనంత చిన్నపిల్లాణ్ణి కాదు. నాకు యాభై ఏడు, ఆవిడ నాకంటే ఏడాది చిన్న. ఆ గదిలో మా అన్న కుర్చీ ఇంకా గోడకు ఆనించి ఉంది. నేను పళ్ళెంలో చేప ముళ్ళన్నీ ఒక పక్కకు చేర్చాను. ఒకదాని పక్కన ఒకటి పేర్చాను.

అది చూసి లేచింది. "కారుకి మనిషి దొరికాడు," అంది పొయ్యివైపు తిరిగి. "రియెకాలో పళ్ళ డాక్టరట. మవ్రిచ్ అని. పాత కార్లు పోగేస్తాడట. జస్తావా అనగానే ఎగిరి గంతేశాడు. ఒక్కటే అడిగాడు: అద్దాలన్నీ ఫ్యాక్టరీలో బిగించినవేనా, గీతలేమైనా ఉన్నాయా అని. ఆ అద్దాలిప్పుడు ఎక్కడా దొరకవట. ఒక్క గీతున్నా వద్దన్నాడు."

"వద్దంటే?"

"వద్దంటే కారిక్కడే. కారిక్కడుంటే నేనూ ఇక్కడే. ఫ్రానె ముద్దుగా చూసుకున్న కారును కోళ్ళు రెట్టలు వెయ్యడానికి వదిలేసి పోతానా? దాన్నొక మంచి చేతిలో పెట్టిన రోజు బయల్దేరతా."

మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాను. ఇంకా ఇరవై ఏడు కార్లున్నాయి. ఇంటి కారు ఆఖరున.

అక్కణ్ణుంచి నా పని నత్తనడక పట్టింది. కారుకు ఒక రోజు కాస్తా రెండయింది. అంతకుముందు చేసి పంపించినవాళ్ళను పిలిచి, మూలలో ఒక నలుసు ఉండిపోయిందేమో చూస్తానని కారు మళ్ళీ తెప్పించుకునేవాణ్ణి. ఫాదర్ గారి కారు పందిరి కిందికి మూడోసారి వచ్చిన రోజు వదిన బట్టలారేస్తూ పైనుంచి చూసింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?" అంది. "ఫాదర్ గారికి అద్దంలోంచి పరలోకం కూడా కనపడుతోందిట. ఇంకా ఏం తోముతావ్?"

"పక్క అద్దం వదినా. తొందరపడితే గీత పడుద్ది."

"మరి మన కారెప్పుడు?"

"ముందు ఊరిది అవనీ. ఇంటిది ఎక్కడికి పోతుంది?"

ఆవిడ చేతిలో తడి దుప్పటి అలాగే పట్టుకుని ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత దులిపి తీగమీద వేసేసింది.

ఆగస్టు నెలాఖరుకు ఊరు నన్ను క్షమించింది. ఊరు క్షమించడం అంటే పెద్ద తంతేమీ కాదు. ఒకరోజు కాఫీ తాగుదామని వెళ్తే బేపో బార్బా తలెత్తకుండానే, "ఒరేయ్ గీతల మేస్త్రీ, ఎన్నాళ్ళు నిలబడతావ్, ఈ బస్సువాడికి ముక్క పట్టుకోడం రాదు, వచ్చి కూర్చో," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ కూర్చున్నాను. ఆయన పక్క అద్దం మీది నాలుగు గీతలు వచ్చినవాడికల్లా చూపించి, నా కథ చెప్పుకోవడం ఆయనకు అప్పటికి సరదా అయిపోయింది. జూన్ నెలంతా దేనికోసం మొహం వాచిపోయానో అది చేతికొచ్చింది. ఆట మధ్యలో చూస్తే నేను చేతిలో ముక్కలు చూడ్డం లేదు, కొండమీది మా ఇంటి పై అంతస్తు కిటికీ చూస్తున్నాను. ఆ రోజు రెండు ఆటలూ నావల్లే ఓడిపోయాం.

సెప్టెంబరు రెండో వారంలో నలభై కార్లు అయిపోయాయి. ఇక సాకు చెప్పడానికి ఊళ్ళో కారు మిగల్లేదు. డాక్టరు మవ్రిచ్ ఆదివారం వస్తానని ఫోన్ చేశాడు. గురువారం పొద్దున జస్తావాను పందిరి కిందికి తోసి తెచ్చాను.

నేను బకెట్లో సబ్బు కలుపుతుండగా వదిన కిందికి దిగి వచ్చింది. చంకలో చిక్కుడుకాయల బుట్ట, చేతిలో గిన్నె. కారు తలుపు తీసుకుని ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుంది. ఫ్రానె ఉన్నప్పుడు ఎప్పుడూ కూర్చునేచోటే.

"ఇక్కడెందుకు? ఘాటు వాసన, థిన్నరు," అన్నాను.

"నా కారు, నా ఇష్టం. నీ పని నువ్వు చూసుకో," అని గింజలు వలవడం మొదలుపెట్టింది.

మొదటిరోజు ముందద్దం, వెనకద్దం. ముందద్దం మీద బ్లేడుతోనే చేశాను, దానికేం భయం లేదు. ఎర్రటి నలుసులు పొట్టులా లేచిపోతుంటే, వాటి వెనకనుంచి ఆవిడ మొహం కొద్దికొద్దిగా బయటపడింది. నుదురు, తర్వాత కళ్ళజోడు, తర్వాత కింది పెదవి కొరుక్కునే అలవాటు. అంత దగ్గరగా అంతసేపు ఆవిడ మొహం ఎప్పుడూ చూడలేదు నేను. మధ్య గాజు ఉంది కాబట్టి చూడగలిగాను.

రెండోరోజు డ్రైవరు వైపు. మళ్ళీ బుట్ట పట్టుకుని వచ్చింది.

"ఇంకా చిక్కుడుకాయలున్నాయా?" అన్నాను.

"ఈసారి కాపు ఎక్కువ," అంది. ఫ్రానె గురించి మాట్లాడుకున్నాం. వాడు బండి నడుపుతూ ఎదురొచ్చిన ప్రతివాడికీ చెయ్యి ఊపేవాడు, ఒకసారి చెయ్యి ఊపుతూ ఊపుతూ పీతల బుట్ట మీదికి ఎక్కించాడు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక నేను మళ్ళీ పనిమీదికి వంగాను. బంకమన్ను అద్దం మీద జరజరమంటున్న చప్పుడొకటే వినపడింది.

మూడోరోజు శనివారం. ఆవిడ పక్కనున్న అద్దమొకటే మిగిలింది. గాలికని రెండు వేళ్ళంత కిందికి దించి, లోపల కూర్చుంది. నేను బయట పీట వేసుకున్నాను. మా మొహాల మధ్య జానెడు దూరం. సగం దాకా బంకమన్నుతో చేసుకొచ్చాను. అడుగున ఒక చోట చుక్కలు గుంపుగా ఉన్నాయి, మొండివి. దూది తడిపి పెడితే వచ్చేవే. దూది కోసం జేబులో చెయ్యి పెట్టాను. బ్లేడు తగిలింది.

తీశాను.

ఒక్కసారి లాగితే చాలు. పైనుంచి కిందికి, జానెడు. పళ్ళ డాక్టరు రేపు వచ్చి, చూసి, పెదవి విరిచి పోతాడు. కారు పందిరి కింద ఉంటుంది. ఆవిడ పైన ఉంటుంది. పొరపాటున జరిగిందంటే ఊరంతా నమ్ముతుంది, నా పేరే గీతల మేస్త్రీ. బ్లేడు మీద కాగితం విప్పాను. అంచును అద్దానికి ఆనించాను.

లోపల గింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆవిడ నా మొహం చూడ్డం లేదు, నా చేతిని చూస్తోంది.

"ఏంటది?" అంది.

"ఏం లేదు."

"ఏం లేదా?"

"ఏం లేదు వదినా. అలవాటు కొద్దీ తీశాను." బ్లేడును కాగితంలో చుట్టి జేబులో పెట్టేశాను. దూది తీసి, థిన్నరుతో తడిపి, ఆ చుక్కల మీద పెట్టి, ముప్ఫై లెక్కపెట్టాను. కాసేపటికి గింజల చప్పుడు మళ్ళీ మొదలైంది.

నిజాయితీ అనుకున్నాను అప్పుడు. మోసంతో ఒక మనిషిని ఆపకూడదు, ఆవిడ బతుకు ఆవిడిష్టం అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో సగం నా చేతి మీద నాకున్న పొగరు. నలభై కార్ల అద్దాలు, బేపో బార్బాది తప్ప, గీత లేకుండా తీసినవాణ్ణి. ఆఖరి దాన్ని చేతులారా పాడుచేస్తానా అని. సాయంత్రానికి సిగరెట్ పెట్టె కాగితం వేలికి చుట్టి ఆ మూలనుంచి ఈ మూలకు రాశాను. ఎక్కడా తగల్లేదు.

డాక్టరు మవ్రిచ్ సన్నగా, పొడుగ్గా, మంచి మనిషిలా ఉన్నాడు. చెడ్డవాడైనా బాగుండేది. పళ్ళు చూసే మనిషి కదా, వంగి, పక్కకు తిరిగి, చిన్న లైటు పట్టుకుని ప్రతి అద్దం మూలమూలా చూశాడు. చివరికి లేచి నిలబడి జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"ఒక్క గీత లేదు. ముప్ఫై ఏళ్ళ గాజు! ఎవరు చేశారండీ?"

"మా మరిది," అంది వదిన. "చాలా మంచి చెయ్యి."

సామాను అప్పటికే సర్దేసింది. రెండు పెట్టెలు, ఒక కుట్టుమిషను. ఎలాగూ రియెకాకే పోతున్నాను, నాతోనే రండి అన్నాడు డాక్టరు. మేడ తాళంచెవి నా చేతికిచ్చి, ఆకుకూర మడికి నీళ్ళు పొయ్యమని, వారానికోసారైనా కిటికీలు తెరవమని చెప్పి, ఫ్రానె కారులో ఫ్రానె పక్కన కూర్చున్నట్టే కూర్చుంది. నేను పెట్టెలు వెనక సీట్లో పెట్టి, వాళ్ళకంటే ముందు అడ్డదారిన రేవుకు నడిచాను.

కార్లను అవతలి ఒడ్డుకు దాటించే పడవ ఎక్కే వరసలో నాలుగు కార్లున్నాయి. డాక్టరు టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళాడు. నేను కారు పక్కన నిలబడ్డాను. వదిన అద్దం కిందికి దించింది.

"యెర్కో."

"చెప్పు వదినా."

"నిన్న నీ చేతిలో బ్లేడు చూశాను."

నా చెయ్యి జేబు మీదికి పోయింది. "భయపడ్డావా? గియ్యన్లే."

"భయమా!" నవ్వింది, ఆ నవ్వులో సంతోషం లేదు. "మూడు రోజులు ఈ సీట్లో ఎందుకు కూర్చున్నాననుకున్నావ్? చిక్కుడు గింజలు వంటింట్లో వలవలేనా? వలిచినవే మళ్ళీ వలుస్తున్నట్టు నటించాను. ఒక్క గీత పెడతాడేమో, ఒక్కటి, అని చూస్తూ కూర్చున్నాను. నువ్వు బ్లేడు తీశావ్, నాకు ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ బుద్ధిగా జేబులో పెట్టేసుకున్నావ్."

"ఒక్క మాట అనుంటే..." అన్నాను.

"అన్నాను. నువ్వు చేప ముళ్ళు పేర్చుకున్నావ్."

డాక్టరు టికెట్లు ఊపుకుంటూ వచ్చి స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. ముందున్న కార్లు కదిలాయి. పడవవాడు చెయ్యి ఊపాడు, రమ్మని. వదిన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, పిడి తిప్పడం మొదలుపెట్టింది. అద్దం నెమ్మదిగా పైకి వస్తోంది. ముప్ఫై ఏళ్ళ పిడి, బిగుసుకుపోయి ఉంటుంది, తిప్పడానికి ఆవిడకు చాలాసేపే పట్టింది. అంతసేపూ నేను అక్కడే ఉన్నాను.

"ఉండిపో, తోంకా," అన్నాను. ఆవిణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అప్పటికి అద్దం పూర్తిగా పైకి వచ్చేసింది, కారు కదిలింది. వినపడి ఉండదు. నా నోరు కదలడం మాత్రం చూసే ఉంటుంది. ఆ అద్దంలోంచి కనపడనిదంటూ ఏమీ లేదు.